హంస ముక్కు మీద ఏకగ్రీవ తీర్మానం

పంతొమ్మిది వందల ఎనభై రెండో సంవత్సరం చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, వరంగల్ కొత్తవాడలో, చాయ హోటల్ ముందు సమావేశమైన సభ్యులందరి సమక్షంలో, హంస ముక్కు మిరపకాయేనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. తీర్మానాన్ని ప్రకటించినవాడు ఆ హంసను గీసినవాడే. బలపరచినవాళ్లలో అతని భార్య కూడా ఉంది. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదనీ, నలుగురు కూర్చున్న చోట ఇలాంటివి సజావుగానే జరుగుతాయనీ పాఠకులకు ముందుగానే మనవి చేసుకుంటున్నాం.

గీసినవాడి పేరు సారంగపాణి. జంపఖానాలకు నమూనాలు గీయడం అతని వృత్తి. గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు నింపి ఇస్తే, నేతగాడు దాన్ని మగ్గం ముందు తగిలించుకుని, గడి చూసుకుంటూ రంగు పోగులు మారుస్తాడు. నేత పూర్తయ్యాక జనం దాని మీద కూర్చుంటారు, పెళ్లిళ్లలో పప్పు ఒలకబోస్తారు, పసిపిల్లల్ని పారాడనిస్తారు. ఆ జంపఖానా ఎవరు కొన్నారో ఊరందరికీ తెలుస్తుంది. ఎవరు నేశారో కొందరికి తెలుస్తుంది. ఎవరు గీశారో మాత్రం ఎవరికీ తెలియదు. ఈ ఘోరమైన అన్యాయాన్ని కొత్తవాడ మొత్తంలో గుర్తించిన ఏకైక వ్యక్తి సారంగపాణి. తన పేరు ఒక్కసారి జంపఖానా అంచు మీద కనబడితే చాలు, ఆ తర్వాత చచ్చిపోయినా ఫరవాలేదని అంటుండేవాడు. చచ్చిపోవడానికి తొందరేమీ లేదు. మాటకు బరువు కోసం అలా అనేవాడు.

ఈ అన్యాయాన్ని ఎదిరించడానికి అతను ఒక మిత్రమండలి స్థాపించాడు. పేరు చాలా పొడుగ్గా ఉండేది గనుక అందరూ డిజైన్ల మండలి అనేవాళ్లు. జంపఖానా నమూనాలు గీసేవాళ్లు, సైన్‌బోర్డులు రాసేవాళ్లు, పెళ్లికార్డులకు బొమ్మలు వేసేవాళ్లు, లారీల వెనక చిలుకలూ పువ్వులూ దించేవాళ్లు ఇందులో సభ్యులు. కార్యదర్శి సారంగపాణి. అధ్యక్షుడు రాజేశ్వర్ రావు గారు. ఆయన మార్కెట్‌లో మిరపకాయల అడ్తి వ్యాపారి. బొమ్మ గీయడం రాదు. కానీ మండలికి కూర్చోవడానికి కుర్చీలు కావలసి వచ్చాయి, ఆయన దగ్గర కుర్చీలున్నాయి. కళాసంఘాల అధ్యక్షులను ఎన్నుకోవడానికి మన దేశంలో ఇంతకన్నా పారదర్శకమైన పద్ధతి ఇంకా కనిపెట్టలేదు.

మండలి మొదటి కార్యక్రమంగా సారంగపాణి 'రంగుల పొందిక' మీద ఉపన్యాసం ఇచ్చాడు. కుర్చీలు దించడానికి వచ్చిన ఇద్దరు హమాలీలు శ్రద్ధగా విన్నారు, ఎందుకంటే వాళ్లు కుర్చీలు తిరిగి తీసుకుపోవాలి. రెండోసారి 'అంచుల అందం' మీద మాట్లాడాడు. ఆ రోజు హమాలీలు కూడా, అయిపోయాక పిలవమని చెప్పి, చాయకు వెళ్లారు. సారంగపాణి ఖాళీ కుర్చీలను ఉద్దేశించి ఉపన్యాసం పూర్తిచేశాడు. అధ్యక్షా అని రెండుసార్లు సంబోధించాడు కూడా. మనిషికి పట్టుదల ఉండేది, దాన్ని కాదనలేం.

జ్ఞానోదయం చాయ హోటల్‌లోనే అయింది. హోటల్ పక్క గోడకు అంటించిన సినిమా పోస్టర్‌ను మేకలు తినేయగా ముక్కు, సగం మీసం మాత్రం మిగిలాయి. ఆ ముక్కు ఏ హీరోదని హోటల్ హోటలంతా రెండు పార్టీలుగా చీలి వాదించుకుంటోంది. చాయలు చల్లారిపోతున్నాయి. మగ్గం దిగి వచ్చినవాళ్లు మగ్గం సంగతి మరిచిపోయారు. పోస్టర్ పూర్తిగా ఉన్నన్నాళ్లూ దాని వైపు ఒక్కడూ చూసిన పాపాన పోలేదు. బొమ్మ మొత్తం చూపిస్తే ఎవడికీ పట్టదనీ, ముక్క చూపిస్తే ప్రతివాడూ పండితుడేననీ సారంగపాణికి అప్పుడు తట్టింది. ఎన్నో ఏళ్ల సాధన వల్ల తనకు రానిది మేకల వల్ల వచ్చినందుకు అతను ఏమీ చిన్నబుచ్చుకోలేదు.

మర్నాడే హోటల్ అరుగు మీద ఒక నల్లబల్ల వెలిసింది. దాని పక్కన ఒక బొమ్మ. బొమ్మ మీద పాత దినపత్రిక కప్పి, అందులో అగ్గిపెట్టెంత కిటికీ కోశాడు. ఆ కిటికీలోంచి కనబడేదేమిటో చెప్పుకోవాలి. జవాబు తెలిసినవాళ్లు సుద్దముక్కతో బల్ల మీద రాయవచ్చు. రాసినదాన్ని ఒప్పుకునేవాళ్లు దాని పక్కన ఒక గీత పెట్టవచ్చు. ఆదివారం పొద్దున కాగితం ఎత్తుతారు.

చెప్పుకోండి చూద్దాం అన్న ఆ ఒక్క మాటకు కొత్తవాడ కదిలి వచ్చింది. మండలి సభ్యత్వం కుర్చీలను మించిపోయింది. పక్కనున్న కాశిబుగ్గ నుంచి సైకిళ్ల మీద వచ్చి గీతలు పెట్టి పోయేవాళ్లు. రాసిన జవాబు కన్నా దాని పక్కన ఎన్ని గీతలు పడ్డాయన్నది ముఖ్యమైపోయింది. గీతలు ఎక్కువ పడ్డవాడు హోటల్‌లో కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. తన జవాబుకు ఒక్క గీత కూడా పడనివాడు మూడో వీధిలోంచి చుట్టు తిరిగి ఇంటికి పోయేవాడు. రఘునాథపల్లి నుంచి ఒకాయన ప్రతి వారం పోస్టుకార్డు మీద జవాబు పంపేవాడు. ఆయన ఆ బొమ్మను చూసినవాడు కాదు, ఈ ఊరు వచ్చినవాడూ కాదు. అయినా ఆయన జవాబుకు బోలెడన్ని గీతలు పడేవి. అంత దూరం నుంచి రాశాడంటే ఊరికే రాయడు కదా అని జనం అభిప్రాయం.

ఆట క్రమంగా వృత్తిలోకి కూడా ప్రవేశించింది. సైన్‌బోర్డులు రాసే ఎల్లస్వామి ఒక బట్టల దుకాణం బోర్డు మీద సగం అక్షరాలే రాసి, మిగతా సగానికి గుడ్డ కప్పి వచ్చాడు. దుకాణం ముందు విపరీతంగా జనం చేరారు. లోపలికి పోవడానికి దారి లేక కొనేవాళ్లు వెనక్కి పోయారు గానీ, ఇంత మంది ఎన్నడూ రాలేదని యజమాని మురిసిపోయాడు. పెళ్లికార్డుల ప్రెస్సులో పెళ్లికొడుకు పేరు చోట చిన్న బొమ్మ అచ్చేసి చెప్పుకోమన్నారు. ఆ పెళ్లికి వచ్చిన బంధువుల్లో కొందరు ఇంకెవరికో కట్నాలు చదివించి, భోంచేసి పోయారు. ఈ హడావిడిలో మండలి సభ్యులు బొమ్మలు గీయడం దాదాపు మానేశారు. చెప్పుకోవడానికే పొద్దు చాలడం లేదు, ఇక గీసేదెప్పుడు? మండలి ఇంత చైతన్యవంతంగా ఎన్నడూ లేదని సారంగపాణి వార్షిక నివేదికలో రాసుకున్నాడు.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం వచ్చింది. ఒక ఆదివారం కిటికీలో పిల్లి కన్ను పెట్టారు. అధ్యక్షులవారు కళ్లద్దాలు సవరించుకుని చూసి, మిరప గింజ అన్నారు. సారంగపాణి అప్పటికింకా లోకం తెలియనివాడు. కాగితం ఎత్తి, పిల్లి కన్ను అని ప్రకటించేశాడు. రావు గారు చిరునవ్వు నవ్వి వెళ్లిపోయారు. మరుసటి ఆదివారం కుర్చీలు రాలేదు. సభ్యులు నిలబడలేక కాళ్లు పీకి, కార్యదర్శికి నోటి దురుసు ఎక్కువైందని గొణిగారు. సారంగపాణి రావు గారి ఇంటికి వెళ్లి, ఆ పిల్లి కంటిలో కూడా ఒక విధమైన గింజ స్వభావం ఉందని విన్నవించుకున్నాక కుర్చీలు మళ్లీ వచ్చాయి.

ఇలా ఉండగా, ఆ ఏటి పారిశ్రామిక ప్రదర్శనలో వేదిక మీద పరచడానికి పెద్ద జంపఖానా కావలసి వచ్చింది. ఖర్చు తాను భరిస్తానని రావు గారు ముందుకు వచ్చారు. ఆయన షరతులు మూడు: నమూనాను మండలి ఎంపిక చేయాలి, ఎంపిక చెప్పుకునే ఆట ద్వారానే జరగాలి, గీసినవాడి పేరు అంచు మీద నేయించాలి. ఈ చివరి మాట విన్నాక సారంగపాణికి అన్నం సహించలేదు. అనసూర్య రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అనసూర్య అతని భార్య. మగ్గానికి నూలు కండెలు చుట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. భర్త అన్నం వద్దనడం ఆమె కాపురానికి వచ్చాక అదే మొదటిసారి.

అతని దగ్గర నమూనా సిద్ధంగా ఉంది. కోటలో తోరణం మీది రాతి హంస. కొన్నేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా సైకిల్ తొక్కుకుంటూ పోయి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి, ఇంటికొచ్చి గడులు నింపాడు. మెడ వంపు కుదరక ఎన్ని కాగితాలు చింపాడో లెక్క లేదు. గడులన్నీ నాలుగు మూలలవే గనుక వంపు రావడం కష్టం. చివరికి ఒక రోజు వచ్చింది. ఆ రోజు ఒంటరిగా కూర్చుని ఏడ్చాడు. రాతి హంసకు రంగు లేదు, ముక్కుకు ఎరుపు మాత్రం సారంగపాణి సొంతం. ఈ ఒక్క విషయంలో మనం అతన్ని ఎగతాళి చేయదలచుకోలేదు, హంస నిజంగానే బాగుంది.

కార్యదర్శి హోదాలో తన బొమ్మను తనే బల్ల పక్కన పెట్టాడు. ఎవరూ ఆక్షేపించలేదు, మిగతావాళ్లెవరూ ఏమీ గీయలేదు కదా. కిటికీలో ఎర్ర ముక్కు మాత్రం కనబడేట్టు కోశాడు. వరంగల్‌లో పుట్టి తోరణం మీది హంస తెలియనివాడు ఉండడని అతని ధీమా. ధీమా నిజమే అయింది. మొదటి రోజు సాయంత్రానికే ఎల్లస్వామి బల్ల మీద హంస ముక్కు అని రాశాడు. నేతగాడు గుండయ్య దాని పక్కన గీత పెట్టాడు. గుండయ్య సారంగపాణికి వరసకు బావమరిది, ఎవరి నమూనా నెగ్గినా నేసేది అతనే. గీతలు ముమ్మరంగా పడుతున్నాయి. సారంగపాణి దూరంగా నిలబడి, తనకేమీ పట్టనట్టు చాయ తాగుతూ, ఆ గీతలను కళ్లతో తడుముకున్నాడు.

శనివారం రావు గారు వచ్చారు. కిటికీలోకి తొంగి చూశారు. ఎర్రగా, వంపుగా, కొన తేలి ఉంది. మూడు తరాలుగా ఎర్రగా వంపుగా కొన తేలి ఉన్నదాన్ని తూకం వేసి అమ్ముకుంటున్న వంశం అది. ఆయన సుద్దముక్క ముట్టుకోలేదు, చేతికి అంటుతుందని.

"మిరపకాయ," అన్నారు.

ఎల్లస్వామి మెల్లగా లేచి, చేతిగుడ్డతో బల్ల మీద తన రాతను తుడిచేసి, కింద మిరపకాయ అని రాశాడు. అంతకుముందే తనకు అనుమానంగా ఉందనీ, హంస అని రాస్తున్నప్పుడే ముక్కులో ఘాటు తగిలిందనీ చెప్పాడు. గుండయ్య తన గీతను తీసుకెళ్లి మిరపకాయ పక్కన పెట్టుకున్నాడు. చీకటి పడేసరికి బల్ల మీద హంస అనే మాట లేదు.

ఆదివారం జనం కిక్కిరిశారు. కుర్చీలు అదనంగా వచ్చాయి. రావు గారు ప్రసంగించారు. "మన వరంగల్ మిరపకాయ దేశదేశాలల్ల పేరున్న పంట. మన పాణి ఆ పంటను జంపఖానా మీదికి ఎక్కిచ్చిండు. కళ అంటే ఏంది? మంది కష్టం మంది కండ్లకు చూపెట్టుడు. గందుకే అంచు మీద అతని పేరు ఉండాలని నేనే పట్టువట్టిన. ఇగ కాగితం లేపు పాణీ."

సారంగపాణి కాగితం లేపాడు. దాని కింద నిండు హంస నిలబడి ఉంది. మెడ ఉంది, రెక్కలున్నాయి, రెండు కాళ్లున్నాయి, కన్ను కూడా ఉంది. అందరూ హంసను చూశారు. హంస కూడా ఎరుపు కొంచెం ఎక్కువైన తన ముక్కుతో అందర్నీ చూసింది. తర్వాత అందరూ రావు గారిని చూశారు. ఆయన చిరునవ్వు నవ్వుతున్నారు, పిల్లి కన్ను నాటి చిరునవ్వే.

మొదట ఎల్లస్వామి తేరుకుని, కాయ ఎంత బాగా దించాడో చూడండి అన్నాడు. ఇంకొకరు మెడను చూపించి ఇది కాడ అన్నారు. రెక్కలు ఆకులన్నారు. కన్ను పురుగు కుట్టిన చోటనీ, నమూనాలో ఆ మాత్రం వాస్తవికత ఉండాలనీ వెనక నుంచి ఎవరో మెచ్చుకున్నారు. మిగిలినవి కాళ్లు. వాటికి ఎవరికీ ఏమీ తోచలేదు. కార్యదర్శి ప్రకటించాలి గనుక అందరూ సారంగపాణి వైపు తిరిగారు. అతను జనంలో అనసూర్యను వెతికాడు. ఆమె అప్పుడే బల్ల దగ్గర గీత పెట్టి సుద్దచేతిని కొంగుకు తుడుచుకుంటోంది. ఆ గీత హంసకు కాదని అంత దూరం నుంచీ తెలుస్తూనే ఉంది. సారంగపాణి చూపు గళ్ల కాగితం అంచు మీదికి పోయింది. అక్కడ తన పేరు ఉంది. ప్రతి అక్షరానికీ గడులు నింపి రాసుకున్న పేరు.

"మిరపకాయే," అన్నాడు సారంగపాణి. నీళ్లు నమిలి, "కాళ్లేమో... చెట్టుకు కట్టిన ఊతకర్రలు," అని కూడా చేర్చాడు.

చప్పట్లు మోగాయి. కాళ్ల సంగతి ఇంత చక్కగా ఇంకెవరూ విప్పి చెప్పలేరని అందరూ ఒప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర అతను అనసూర్యను నిలదీశాడు, ఇంట్లో ఇన్నేళ్లు చూసిన బొమ్మ హంసని నీకు తెలియదా అని. ఆమె పప్పు వడ్డిస్తూనే చెప్పింది. "నాకెందుకు తెల్వదు? ఆ హంస మీద దుమ్ము దులిపింది నేనే కద. నీ పేరు అంచు మీదికి రావాలని నువ్వు నిద్రల సుత కలవరిస్తాంటివి. హంసకు గీత వెడితె నీ పేరు వచ్చేదా?" సారంగపాణి అన్నం కలుపుకున్నాడు. ఈసారి రెండోసారి వడ్డన కూడా పెట్టించుకున్నాడు.

అసలు చిక్కు మగ్గం దగ్గర వచ్చింది. గుండయ్య నమూనాను ముందు తగిలించుకుని, కాసేపు చూసి, బావకు కబురు పెట్టాడు. "గడుల ప్రకారం నేస్తె హంసైతది. తీర్మానం ప్రకారం నేస్తె మిరపకాయైతది. నేను మాటలు చూసి నేసెటోణ్ని కాదు బావా, గడులు చూసి నేసెటోణ్ని. ఏదో ఒకటి కాయితం మీద జేసియ్యి." న్యాయమైన మాటే. సారంగపాణి రబ్బరు తీసుకుని కూర్చున్నాడు. ముందు కాళ్లు తుడిచాడు. రెక్కలకు పచ్చరంగు నింపాడు. కన్ను తుడవడానికి చెయ్యి రాలేదు, కాసేపు బయట తిరిగి వచ్చి తుడిచాడు. చివరికి ఎన్నో ఏళ్లకు కుదిరిన ఆ మెడ వంపు మిగిలింది. దాన్నీ తుడవసాగాడు. తన చేతిని తనే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే పని పూర్తి చేశాడు. ఎర్ర ముక్కును జంపఖానా పొడుగునా సాగదీశాడు. అంచు మీది పేరును మాత్రం ముట్టుకోలేదు, పైగా అక్షరాలకు ఒక గడి మందం పెంచాడు.

ప్రదర్శన ప్రారంభం రోజున వేదిక మీద పచ్చటి కాడతో ఎర్రటి పెద్ద మిరపకాయ పడుకుని ఉంది. అంచు మీద సారంగపాణి అన్న పేరు ఆఖరి వరసవాళ్లకు కూడా కనబడుతోంది. అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అంచుకు దగ్గరగా, ఎవరైనా చదివి తల తిప్పితే తనే కనబడేట్టు నిలబడ్డాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ముఖ్య అతిథి వేదిక ఎక్కి, చెప్పులు విప్పబోయి, కిందికి చూసి ఆగాడు. ఆయన అంతకుముందే కోట చూసి వచ్చాడు. రావు గారికన్నా చాలా పెద్ద మనిషి.

"ఈ ఎరుపు వంపు భలే ఉందండీ. మీ తోరణం మీది హంస ముక్కే కదా ఇది?" అన్నాడు.

రావు గారు గుటక వేయలేదు, తడబడలేదు. గొప్పవాళ్ల గొప్పతనం అక్కడే ఉంటుంది. "హంసే సార్," అన్నారు వినయంగా. "నేను ఫస్టు సంది హంసే అంటాన. డిజైన్ జేసినాయన జర సొంత తెలివి వాడిండు."

"మరి హంస ఏదండీ? మెడా, కాళ్లూ లేవే?"

అందరూ అంచు వైపు చూశారు. ఇలాంటి సమయాల్లో బాధ్యుడి కోసం వెతుక్కునే పని లేకుండా, పేరు పెద్ద అక్షరాలతో నేసి ఉంది. ఎల్లస్వామి, తాను మొదటి రోజే బల్ల మీద హంస అని రాశాననీ, సాక్షులున్నారనీ, ఎవరు తుడిచారో తెలియదనీ చెప్పుకున్నాడు. ఆ రాత్రి చాయ హోటల్‌లో మండలి అత్యవసర సమావేశం జరిగింది. ప్రాచీన శిల్పసంపద అయిన హంసను సొంత పేరు కోసం మిరపకాయగా మార్చినందుకు కార్యదర్శిని సంజాయిషీ అడగాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఏకగ్రీవం కావడానికి ఒక చెయ్యి తక్కువైతే సారంగపాణే ఎత్తాడు.

మరుసటి సెలవు రోజున అతను కొత్త గళ్ల కాగితం చుట్టుకుని, సైకిల్ తొక్కుకుంటూ కోటకు పోయాడు. హంసను మళ్లీ మొదటి నుంచి గీయాలి. తోరణం కింద నిలబడి తల పైకెత్తాడు. రాయి ఎప్పటిలాగే ఉంది. మెడ ఉంది, రెక్కలున్నాయి, కాళ్లున్నాయి. ఎంత సేపు చూసినా అతనికి మాత్రం కాడా, ఆకులూ, ఊతకర్రలే కనబడ్డాయి. కళ్లు నులుముకుని చూశాడు. పెన్సిలు చెక్కుకుని, మొదటి గడి నింపబోయి, చెయ్యి ఆపి చుట్టూ చూశాడు. పైనున్నది ఏమిటో చెప్పే పెద్దమనిషి ఎవరైనా వస్తే బాగుండునని చాలాసేపు కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. కాగితం ఖాళీగానే చుట్టుకుని ఇంటికి వచ్చాడు.

పాఠకులు ఇంతవరకూ ఓపికగా చదివి, అక్కడక్కడా నవ్వుకున్నారు, సంతోషం. ఇప్పుడు ఈ కథ ఎలా ఉందో ఒక్క ముక్కలో చెప్పుకోండి చూద్దాం. నల్లబల్ల అరుగు మీదే ఉంది, సుద్దముక్క కింద ఉంది. తొందరేమీ లేదు. బల్ల మీద ముందు ఎవరేమి రాశారో చదివాకే రాయండి, మీరు ఎలాగూ అటే చూస్తున్నారు.